కాలువ గట్టు గస్తీ

పటమట, విజయవాడ
11 జులై 2025, శుక్రవారం

తమ్ముడు జయకృష్ణకి ఛాయక్క రాస్తున్నది.

ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ తనూ మీ పాప చిన్నీ బాగున్నారని భానుశ్రీ ఫోన్లో చెప్పింది. నీ గురించి అడిగితే "ఆయనకేం వదినా" అంది. ఆ మాట నాకు ఎందుకో నచ్చలేదు.

మొన్న నేను మీ పోలీసులకి చెప్పే ఈ కోచింగ్ సంగతి ఎత్తగానే "ఇవన్నీ ఫోన్లో వద్దక్కా, కాయితమ్మీద రాయి" అన్నావు. ఇంటికి పోస్టు చేస్తే భానుశ్రీ విప్పుతుంది, స్టేషనుకి చేస్తే రైటరు నంబరు వేసి రిజిస్టరుకెక్కిస్తాడు, కాబట్టి శనివారం క్లాసుకొచ్చే మీ డ్రైవరు ఫిలిప్ చేతికివ్వమన్నావు. మనం అక్కాతమ్ముళ్ళమని మాత్రం అక్కడ ఎవరికీ తెలియకూడదన్నావు. తెలిస్తే ఈ కోచింగ్‌ని ఎస్సైగా నువ్వే వాళ్ళ నెత్తిన పెట్టించావనుకుంటారట. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో సైకాలజీ చెబుతున్నాను, ఒక్క మనిషిలో ఇన్ని అనుమానాలు పట్టడం చూడలేదు. అయినా నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.

మన ఊళ్ళో కోచింగ్ అంటే ఎంసెట్టే కదా. నన్ను దింపిన ఆటో అతను "పోలీసులకి కూడా కోచింగా మేడం? ఏ ర్యాంకు కోసం?" అన్నాడు. ఉద్యోగంలో పడ్డ బరువుని ఒంటికీ ఇంటికీ ఎక్కకుండా ఎలా దింపుకోవాలో మాట్లాడతామని చెప్పాను. "అయితే మాకూ పెట్టండి" అన్నాడు. మొత్తం పది శనివారాలు, ఇరవై రెండు మంది. మీ స్టేషను నుంచి ముగ్గురు: ఫిలిప్, హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణ గారు, సాయిశ్రీ అనే అమ్మాయి. ఎవరేం చెప్పినా పేర్లు బయటికి ఇవ్వనని పై ఆఫీసుతో ఒప్పందంలోనే రాయించుకున్నాను.

మొదటి రోజు కుర్చీలు గుండ్రంగా వేయించాను. గుండ్రంలో కూడా ర్యాంకు ప్రకారం కూర్చోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. నిద్ర ఎలా పడుతోందంటే "ఫుల్లుగా మేడం". ఇంట్లో ఎలా ఉంటారంటే "హ్యాపీ మేడం". సత్యనారాయణ గారైతే "మాకు స్ట్రెస్ ఏముంటదండీ, జనానికి స్ట్రెస్సే మేం కదా" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నాన్న బెల్టు గుర్తొచ్చింది. డ్యూటీ దిగి వచ్చి మేకుకి తగిలించేవాడు చూడు. ఆ బకిలు గోడకి తగిలిన చప్పుడు బట్టి, ఆ పూట మనం మాట్లాడొచ్చో లేదో తెలిసేది. హెడ్ కానిస్టేబుల్ కూతురుగా పుట్టకపోతే ఈ పని ఒప్పుకునేదాన్ని కాదేమో. ఒప్పుకుని మంచి పని చేశానో లేదో కూడా తెలియదు.

కవరు అంటించి అతుకు మీద సంతకం పెడుతున్నాను. జవాబు పత్రాల కట్టలు అంటించీ అంటించీ చేతికి అలవాటైపోయింది. నువ్వు నిద్రపోతున్నావా?

ఛాయక్క


18 జులై 2025

అక్కకి,

నీ కవరు శనివారం సాయంత్రం ఆరూ నలభైకి అందింది. అతుకు చెదరలేదు. సంతకం నీదే.

నాకు కొన్ని సంగతులు తెలియాలి. నిన్ను ఈ పనికి ఎవరు పిలిచారు? ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా డిగ్రీ కాలేజీ లెక్చరర్ని ఎందుకు పిలిచారు? పేర్లు ఇవ్వనక్కర్లేదని రాయించుకున్నానన్నావు, ఆ కాయితం మీద సంతకం చేసిన ఆఫీసరు రేపు బదిలీ అయితే తర్వాత వచ్చేవాడు ఒప్పుకుంటాడా? మా వాళ్ళు నీ దగ్గర నోరు విప్పరు. విప్పకూడదు కూడా. వేరే జిల్లాలో నా బ్యాచ్‌మేట్ ఒకడు నిద్ర పట్టక డాక్టరు దగ్గరికెళ్ళాడు. చీటీ సంగతి పైకి తెలిసింది. రివాల్వరు వెనక్కి తీసుకుని, పోస్టింగు లేకుండా ఏడాది కూర్చోబెట్టారు. వాడికిప్పుడు పగలు కూడా నిద్రే, పనేం లేదు కదా.

మా వాళ్ళు నా గురించి ఏమన్నా అంటే రాయి. అడుగుతున్నది తమ్ముడు, ఎస్సై కాదు.

ఫిలిప్ గురించి నీకు అనుమానం అక్కర్లేదు. వాడు తోలుతుంటే గ్లాసులో టీ తొణకదు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఎంత రద్దీ ఉన్నా హారన్ కొట్టకుండా బండి తీసుకొస్తాడు. భానుశ్రీ మామిడితాండ్ర పంపుతోంది. అదేంటో ఫిలిప్‌కి తెలియదు, పుస్తకాలని చెప్పాను. చీమలు పట్టకముందే విప్పు.

నిద్ర పడుతోంది.

జయకృష్ణ


పటమట
25 జులై 2025

జయా,

తాండ్ర అందింది. "పుస్తకాలు మేడం" అని ఫిలిప్ రెండు చేతులతో ఇచ్చాడు. ఆ వాసన పీల్చి కూడా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అతని ఉద్యోగధర్మం నాకు నచ్చింది.

నీ ప్రశ్నలకి జవాబు చెప్పలేను, నాకూ తెలియదు. నన్నెందుకు పిలిచారని ఇప్పుడు నేనూ ఆలోచిస్తున్నాను. నీ ఉత్తరం చేసిన మేలు అదొక్కటే. నీ గురించి మీ వాళ్ళు ఏమన్నా సరే నేను రాయను. వాళ్ళు ఏమీ అనలేదు కూడా. అలా అన్నానని ఏదో అన్నారనుకోకు.

మూడో శనివారం ఒక చిన్న పని చేశాను. నోటితో చెప్పరు కదా అని తలా ఒక తెల్లకాయితం ఇచ్చి, మిమ్మల్ని వదలని విషయం ఒకటి రాయండి, పేరు వద్దు, అన్నాను. సగం మంది "ఏమీ లేదు" అని రాశారు. కొందరు సెలవులు దొరకవని రాశారు. ఒక్క కాయితం మాత్రం నన్ను వదలడం లేదు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"జనవరిలో మంచు పట్టిన తెల్లారుజామున, హైవే కల్వర్టు దగ్గర కూలికెళ్ళే ఆడోళ్ళ ఆటోకి యాక్సిడెంటైతే నేను మనుషుల్ని ఎత్తాను. అప్పట్నుంచి ఆ కల్వర్టు దగ్గరికొస్తే చేతులు వణుకుతున్నాయి. పక్కన ఆఫీసరు ఉంటారు. కనపడకూడదని స్టీరింగు గట్టిగా పట్టుకుంటాను. చెబితే బండి తీసేస్తారు."

ఎవరు రాశారో నాకు తెలియదు. ఇరవై రెండు మందిలో బండి తోలేవాళ్ళు నలుగురైదుగురున్నారు. నీకు రాయవచ్చా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. చివరికి, లోపలి పద్ధతులు తెలిసిన మనిషి నాకు నువ్వొక్కడివే కదా అని రాస్తున్నాను. మీ డిపార్టుమెంటులో ఇలాంటి మనిషిని మచ్చ పడకుండా ఆదుకునే దారి ఏదైనా ఉందా? సూటిగా చెప్పు.

ఛాయక్క


1 ఆగస్టు 2025

శ్రీమతి ఛాయాదేవి గారికి,

మీరడిగిన దారి లేదు. బండి తోలే మనిషి చేతులు వణికితే బండి తీసెయ్యాలి. రూలు అదే.

అక్కా, ఆ కాయితం మీద ఇంకు నీలమా, నలుపా? అక్షరాలు కుడివైపుకి వాలి ఉన్నాయా? "పక్కన ఆఫీసరు ఉంటారు" అన్న తర్వాత ఆ ఆఫీసరు గురించి ఇంకేం రాసుంది? నువ్వు కావాలని వదిలేసిన వాక్యాలు ఏమున్నాయి? అసలు అలాంటి కాయితం ఉందా, లేక నాతో ఏదో చెప్పించడానికి నువ్వు వేసిన ఎరా? మీ సైకాలజీలో ఇలాంటివి ఉంటాయని విన్నాను. నేను ముద్దాయిల దగ్గర వాడేదీ ఇదే పద్ధతి. వేరే ఎవడి కథో చెబుతున్నట్టు మొదలుపెడితే వాడే తన కథ చెబుతాడు.

నాకు ఇంటరాగేషన్ వద్దు. అది నా పని.

ఫిలిప్ ఇక క్లాసుకి రాడు. గేటు దగ్గర సెంట్రీ డ్యూటీ వేశాను, ఖాళీ ఉండదు. ఈ కవరు సాయిశ్రీ తెస్తుంది.

జయకృష్ణ


పటమట
8 ఆగస్టు 2025

జయా,

ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను.

పోయిన శనివారం నేను వెళ్ళేసరికే కుర్చీలు గుండ్రంలో లేవు, గోడ వారగా వెనక్కి జరిపేసి ఉన్నాయి. ఫిలిప్ లేడు. సాయిశ్రీ లేచి నడుచుకుంటూ వచ్చి, అందరూ చూస్తుండగా నీ కవరు బల్ల మీద పెట్టి, "మా ఎస్సై గారు మీకిమ్మన్నారు మేడం" అంది. అప్పుడు సత్యనారాయణ గారు, ఎప్పుడూ నవ్వించే మనిషి, నవ్వకుండా అడిగారు.

"మేడం, తప్పుగా అనుకోకండి. మీరు మా ఎస్సై గారికి పంపే ఆ కవర్లలో మా పేర్లుంటాయాండీ?"

నేను నోరు తెరిచేలోపే ఇంకో స్టేషనతను అన్నాడు: "పేర్లెందుకన్నా, కాయితాలు మన చేతి రాతేగా."

అప్పుడు చూశాను ఆ కవరుని వాళ్ళ కళ్ళతో. గోధుమరంగు కాలేజీ కవరు, అతుకు మీద సంతకం, చేతిమీదుగా నేరుగా ఎస్సైకి. పోలీసు ఉద్యోగం చేసేవాళ్ళకి అది రహస్య నివేదిక తప్ప ఇంకేమవుతుంది? మన చుట్టరికం దాచమన్నావు, దాచాను. చెప్పివుంటే ఒక అక్క ఉత్తరం అయ్యేది. చెప్పకపోవడం వల్ల అది రిపోర్టయింది.

అంతకన్నా ఘోరం, వాళ్ళ అనుమానం అబద్ధం కూడా కాదు. నేను రాశాను కదా! పేరు లేదులే అనుకున్నాను. మీ స్టేషనుకి డ్రైవరు ఒక్కడేనని నాకెందుకు తట్టలేదు? నువ్వతన్ని గేటుకి మార్చావంటే ఆ కాయితం ఫిలిప్‌దే. తన మాటల్ని నేను అంటించిన కవర్లో పెట్టుకుని, తన ఆఫీసరు చేతికి తనే తెచ్చి ఇచ్చాడు. ఆరు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. మీ బావ ఏమైందంటే తలనొప్పి అంటున్నాను. నేనూ "ఫుల్లుగా మేడం" అనడం నేర్చుకున్నాను.

కాయితం నిజం. ఎర కాదు. వదిలేసిన వాక్యాలు ఏమీ లేవు. ఫిలిప్‌ని నువ్వేం చేశావో, ఎందుకు చేశావో నాకు చెప్పు.

అక్క


15 ఆగస్టు 2025

అక్కకి,

జెండా ఎగరేసి, పిల్లలకి చాక్లెట్లు పంచి వచ్చి ఇది రాస్తున్నాను.

నేను చేసింది తప్పు కాదు. నువ్వు రాసిన అక్షరాలు చదివాక చదవనట్టు ఉండమంటావా? రేపు ఆ బండి ఎవరినన్నా గుద్దితే, నీకు ముందే తెలుసా అని నన్ను అడుగుతారు. నేను ఏం చెప్పాలి? మా అక్క ఉత్తరం రాసింది కానీ పేరు రాయలేదండీ, అనాలా? భద్రత కోసం తీశాను. వాడి భద్రత, నా భద్రత, రోడ్డు మీద జనం భద్రత.

రాసింది నువ్వు. ఇప్పుడు నన్ను నిలదీస్తున్నదీ నువ్వే. చిన్నప్పుడు నాన్న జేబులో సిగరెట్టు పెట్టె నేను తీశానని చెప్పేసి, నాకు దెబ్బలు పడ్డాక వెన్నపూస రాసింది కూడా నువ్వే. నీకు ఈ రెండు పనులూ బాగా అలవాటు.

ఫిలిప్ ఎందుకని కూడా అడగలేదు. తాళాలు బల్ల మీద పెట్టి సెల్యూట్ చేసి వెళ్ళాడు. అడగలేదంటేనే ఏదో ఉందని అర్థం. పద్నాలుగేళ్ళ సర్వీసులో నాకు తెలిసింది అంతే.

జయకృష్ణ


పటమట
22 ఆగస్టు 2025

జయా,

సిగరెట్టు పెట్టె సంగతి నిజమే. ఒప్పుకుంటున్నాను. కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

బుధవారం ఫిలిప్ మా ఇంటికొచ్చాడు. అతని భార్య కృప కూడా వచ్చింది. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడి "నా కాయితం నాకిచ్చేయండి మేడం" అన్నాడు. అంతే. కాయితాలు కాలేజీలో ఉన్నాయన్నాను. ఆ తర్వాత మాట్లాడింది కృపే.

"మీరు పెద్ద చదువులు చదివారు, మీకు నేను చెప్పేంతదాన్ని కాదండీ. కానీ ఒక్కటడుగుతాను. చేతులు వణుకుతున్నాయని ఈయన దగ్గర బండి తీసేశారు. తీసేసి ఏం చేతికిచ్చారు? తుపాకీ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారు! వణికే చేతికి తుపాకీ ఎలా ఇచ్చారండీ?"

భద్రత కోసమన్నావు కదా, నువ్వు చెప్పు.

తర్వాత అతను కాస్త మాట్లాడాడు. ఆ ప్రమాదం అయిన మర్నాటి నుంచే బండిని హైవే మీద పోనివ్వకుండా కాలువ గట్టు మీదికి తిప్పుతున్నాడట. రోజూ ఆరు కిలోమీటర్లు ఎక్కువ. బండి లాగ్‌బుక్కులో కారణం అన్న గడిలో "కాలువ గట్టు గస్తీ" అని రాసేవాడట. ఆర్నెల్లు రాశాడు. కింద నువ్వు సంతకం పెట్టావు. "సార్ ఒక్కసారి కూడా అడగలేదు మేడం. తెలిసే ఊరుకున్నారనుకున్నాను. సార్ మంచోరనుకున్నాను." చివరి మాట అంటున్నప్పుడు అతను గోడమీది క్యాలెండరు వైపు చూశాడు.

అప్పుడు చెప్పాను, నేను నీ అక్కనని. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఫిలిప్ బయటికెళ్ళి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. లేసులు కట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో. వణుకుతున్నాయి జయా. నేను చూశాను.

రాజీనామా రాసి సత్యనారాయణ గారి దగ్గర పెట్టాడట. సెప్టెంబరులో పంపమన్నాడట. పన్నెండేళ్ళ ఉద్యోగం. నేను రాసిన ఒక్క పేజీకి అది పోతుంది.

ఇంకో సంగతి. పై ఆఫీసు నుంచి నాకు లెటరొచ్చింది: "వాహనము, ఆయుధము అప్పగించుటకు తగని వారి పేర్లు" పంపాలట. నీ అనుమానమే నిజమైంది. మొదట్నుంచీ నువ్వన్నదే కరెక్టు, నేనే నమ్మలేదు. పేర్లు ఇవ్వను. కానీ ఒక పేరు నేను ఇప్పటికే ఇచ్చేశానన్న మాట నాకు నేను ఎలా దాచుకోను?

ఒక్కటే అడుగుతాను. ఆర్నెల్లు నువ్వెందుకు అడగలేదు?

అక్క


29 ఆగస్టు 2025

అక్కా,

కృప అడిగిన దానికి జవాబు రాస్తున్నాను. వాడి చేతులు వణుకుతాయని నేను నమ్మలేదు. నమ్మి ఉంటే తుపాకీ ఎలా ఇస్తాను?

ఆ తెల్లవారుజామున నేనూ అక్కడున్నాను. నీకు చెప్పలేదు, భానుశ్రీకీ చెప్పలేదు. ఏడుగురు ఆడవాళ్ళు. ఫిలిప్, నేను కలిసి ఎత్తాం. రోడ్డు పక్కన ఒకావిడ తెచ్చుకున్న అన్నం క్యారేజీ ఒరగకుండా నిలిచే ఉంది. మూత కూడా ఊడలేదు. ముట్టుకుంటే వేడిగా ఉంది. పంచనామాలో "స్టీలు క్యారేజీ ఒకటి" అని రాయించాను. వేడిగా ఉందని రాయడానికి అందులో గడి లేదు.

మర్నాడు ఆ కల్వర్టు ఇంకా అరకిలోమీటరు ఉందనగా నా చేతుల్లోకి ఆ వేడి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫిలిప్ బండిని కాలువ గట్టు మీదికి తిప్పాడు. నా మొహం చూసి తిప్పాడనుకున్నాను. వాడు నా మీద జాలిపడుతున్నాడని ఆర్నెల్లు సిగ్గుపడుతూ సంతకాలు పెట్టాను. ఎందుకని అడిగితే, "మీకోసమే సార్" అంటాడేమోనని భయం.

నీ ఉత్తరంలో కల్వర్టు, పక్కన ఆఫీసరు, వణుకు అని చదివాను. వీడు నా సంగతి బయటపెట్టాడు, తన సంగతిలా రాసి నన్ను పట్టిస్తున్నాడు అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాసిన కాయితంలో కూడా వెనకాల ఇంకోటి వెతికాను. పోలీసు బుర్ర. వాడు వాడి గురించే రాసుకున్నాడని నాకు తట్టనేలేదు. గేటు దగ్గర నిలబెట్టింది కళ్ళముందు ఉంటాడని. నా కిటికీలోంచి గేటు కనపడుతుంది. ఈ నెలంతా వాణ్ణి నేను కాపలా కాశాను.

నిద్ర పడటం లేదు. జనవరి నుంచి.

ఈ కవరు అంటించలేదు. ఫిలిప్‌కి డ్యూటీ మార్చి, వాడి చేతికే ఇచ్చి క్లాసుకి పంపుతున్నాను. చదవమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

జయ


పటమట
5 సెప్టెంబరు 2025

జయా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో. నీ చేతుల గురించి ఇన్ని నెలలు నాకు తెలియలేదు. ఇరవై రెండు మంది మొహాలు చదవడానికి వెళ్ళాను, తమ్ముడి మొహం చదవలేకపోయాను.

తప్పు నీది తర్వాత, ముందు నాదే. ఆ కాయితం నాది కాదు. మంచి కోసమే అయినా నీకు రాసే హక్కు నాకు లేదు. ఈ మాట పోయిన శనివారం అందరి ముందూ చెప్పాను. మనం అక్కాతమ్ముళ్ళమని కూడా చెప్పాను. తర్వాత సత్యనారాయణ గారు "ముందే చెబితే మా ఎస్సై గారి మీద కంప్లైంట్లన్నీ మీకే ఇచ్చుకునేవాళ్ళం కదండీ" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళే ఎక్కువ. మొత్తం కాయితాలన్నీ బల్ల మీద పెట్టి ఎవరిది వాళ్ళు తీసుకోమన్నాను. ఫిలిప్ తనది తీసుకుని టోపీలో పెట్టుకున్నాడు. ఇక నా దగ్గర ఎవరి రాతా లేదు. పై ఆఫీసుకి అదే రాశాను. వచ్చే బ్యాచికి నా అవసరం లేదని వెంటనే జవాబొచ్చింది. ఇంత తొందరగా జవాబిచ్చే ఆఫీసుని నేనింతవరకు చూడలేదు.

నీ కవరు ఇస్తుంటే ఫిలిప్‌ని అడిగాను, చదివావా అని. "లేదు మేడం. నాది కాదు కదా" అన్నాడు. నువ్వూ నేనూ కాయితం మూడు మడతలే పెడతాం, నాన్న నేర్పినట్టు. నాకు అందింది నాలుగు మడతలతో. నేను ఇంకేమీ అడగలేదు. చదివి చదవలేదన్నాడా? చదివితే అతనికి కాస్త తేలికయిందా, లేక సారుకి కూడా ఇంతేనా అని ఇంకా బరువెక్కిందా? నాకు తెలియదు. ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్నదల్లా, తెలియనప్పుడు ఊరుకోవడం. అదైనా సరిగ్గా నేర్చుకున్నానో లేదో.

రేపే చివరి క్లాసు. ఒక కుర్చీ ఎక్కువ వేయిస్తాను. ర్యాంకు ప్రకారం ఎక్కడ కూర్చోవాలో నీకు తెలుసుగా, అక్కడ మాత్రం కూర్చోకు.

ఈ కవరూ అంటించడం లేదు. సంతకమూ పెట్టడం లేదు.

అక్క


12 సెప్టెంబరు 2025

అక్కా,

శనివారం రాలేకపోయాను. వినాయక నిమజ్జనం బందోబస్తు పడింది. తప్పించుకున్నానని నువ్వు అనుమానపడతావు. సగం నిజం. ఆ కుర్చీ తీసెయ్యకు.

ఇది పోస్టులో వేస్తున్నాను. ఎవరు విప్పినా విప్పనీ.

సోమవారం ఫిలిప్‌కి తాళాలిచ్చాను. రూలు ఒప్పుకోదు, తెలుసు. వాడు ఎక్కనన్నాడు. "చేతులు సార్" అన్నాడు. కల్వర్టు దాకా నేను తోలతాను, తర్వాత చూద్దాం అన్నాను. మూడు రోజులు నేనే తోలుతూ, అదీ కాలువ గట్టు మీదే తిరిగాం. నిన్న పొద్దున హైవే ఎక్కించాను. కల్వర్టుకి అరకిలోమీటరు ముందు బండి ఆపాను. నా చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. వాడివి ఒళ్ళో ఉన్నాయి. నావి వాడు చూశాడు, వాడివి నేను చూశాను. ఇద్దరం దిగి నడిచాం. ఆ క్యారేజీ ఉన్న చోట ఇప్పుడు గడ్డి మొలిచింది. పదకొండు నిమిషాలున్నాం. ఒక లారీ అతను పోలీసు బండి చూసి తనంతట తనే ఆపి, కాయితాలు పట్టుకుని దిగొచ్చాడు. పొమ్మంటే నమ్మడే! "ఏం తప్పు చేశాను సార్" అని మూడుసార్లు అడిగాడు. అప్పుడు ఫిలిప్ నవ్వాడు. జనవరి తర్వాత వాడు నవ్వడం నేను చూడలేదు.

స్టేషనుకొచ్చాక వాడు లాగ్‌బుక్కు తెరిచి కారణం గడి దగ్గర పెన్ను ఆపాడు.

"గస్తీ అని రాసెయ్యనా సార్?"

"నీ ఇష్టం."

చాలాసేపు ఆలోచించి రాశాడు: "కల్వర్టు వద్ద బండి ఆపడమైనది. ఆఫీసరుకు, డ్రైవరుకు చేతులు వణికినందున."

ఆ లాగ్‌బుక్కు నెలాఖరుకి పైకి పోతుంది. ఎవరు చదువుతారో, ఏం చేస్తారో, మా ఇద్దరి దగ్గర ఏమేం తీసుకుంటారో తెలియదు. భయంగానే ఉంది. కింద సంతకం పెట్టాను. వాడి రాజీనామా ఇంకా సత్యనారాయణ గారి సొరుగులోనే ఉంది. వెనక్కి తీసుకోలేదు, పంపమనీ అనలేదు. నేను ఆ సొరుగు వైపు చూడటం మానేశాను.

భానుశ్రీకి క్యారేజీ సంగతి చెప్పాను. ఇవాళ నా అన్నం ఆకులో కట్టి పంపింది.

నీ ఉత్తరం నాలుగు మడతలతో అందింది. నేనూ అడగలేదు.

జయ